ఫుల్లా? డిఫరెన్షియలా? మా బాబాయ్ స్టూడియో కథ

మొన్న మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు, "రోజూ ఫుల్ బ్యాకప్ ఎందుకండీ, స్టోరేజీ దండగ. డిఫరెన్షియల్ చాలదా?" అన్నాడు. 2024కి ముందైతే శభాష్ అని భుజం తట్టేవాణ్ణి. ఇప్పుడు మాత్రం పాల్వంచ గుర్తొచ్చి ఒక్క క్షణం మాట రాలేదు.

మా బాబాయ్‌కి పాల్వంచలో ఫోటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, పెద్దమ్మ గుడి దగ్గర కొత్త బండికి పూజ, థర్మల్ స్టేషన్‌లో రిటైర్మెంట్లు... ఊరి చరిత్ర సగం ఆయన కంప్యూటర్‌లోనే ఉండేది. 2024 సంక్రాంతికి వెళ్ళినప్పుడు, ఇంట్లో ఇంజినీరు ఉండి కూడా ఇదేంట్రా అంటే పరువు పోతుందని, బ్యాకప్ పెట్టే పని నెత్తినేసుకున్నా.

లెక్క చాలా అందంగా కుదిరింది. ఉన్న డేటా 600 జీబీ, రోజుకి కొత్తగా వచ్చేది సుమారు 2 జీబీ. రోజూ ఫుల్ తీస్తే వారానికి 4,200 జీబీ. ఒకరోజు ఫుల్ తీసి మిగతా ఆరు రోజులూ డిఫరెన్షియల్ తీస్తే, 2 నుంచి 12 వరకు పెరుగుతూ పోయి మొత్తం 642. ఇంక్రిమెంటల్ అయితే 612కే సరిపోతుంది కానీ, వెనక్కి తేవాలంటే మధ్యలో ఉన్న ముక్కలన్నీ కావాలి. డిఫరెన్షియల్‌కి రెండే చాలు: ఫుల్లు ఒకటి, ఆఖరి డిఫరెన్షియల్ ఒకటి. ఇంకేం, సంక్రాంతినాడు ఒక డిస్కులోకి ఫుల్ తీసి బీరువాలో పెట్టించా. రోజూ రాత్రి ఇంకో డిస్కులోకి డిఫరెన్షియల్. హైదరాబాద్ బస్సెక్కేశా.

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. మళ్ళీ ఫుల్ ఎప్పుడు తియ్యాలో చెప్పలేదు! డిఫరెన్షియల్ అంటే నిన్నటి నుంచి మారింది కాదు, *ఆఖరి ఫుల్ నుంచి* మారిందంతా. దసరా దాటాక బాబాయ్ ఫోన్ చేసి "రాత్రంతా తిరుగుతూనే ఉందిరా ఆ డబ్బా" అన్నాడు. డిస్కు పాతదై ఉంటుందిలే అన్నా. తిరగదూ మరి? దీపావళి నాటికి ఆ డిఫరెన్షియల్ దాదాపు 580 జీబీ అయింది. ఫుల్లంత అయ్యాక ఇక ఆదా ఏముంది నా బొంద!

నవంబర్‌లో స్టూడియో కంప్యూటర్ హార్డ్ డిస్క్ పోయింది. ధీమాగా వెళ్ళా. బీరువాలో డిస్కు తీసి పెడితే బ్యాడ్ సెక్టార్లు. పది నెలల్లో ఒక్కసారి కూడా దాన్ని తెరిచి చూసినవాళ్ళు లేరు. సంక్రాంతి తర్వాతి ఫోటోలన్నీ డిఫరెన్షియల్‌లోంచి వచ్చాయి. అంతకుముందువి చాలావరకు పోయాయి.

ఆ 2024 ఆగస్టు 5నే కేటీపీఎస్ పాత ప్లాంటు కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ పేల్చి కూల్చేశారు. బాబాయ్ దూరంగా నిలబడి తీశాడు. ఆ ఫోటోలు భద్రంగా ఉన్నాయి. టవర్లు నిలబడి ఉండగా వాటి ముందు మనుషుల్ని నిలబెట్టి ఏళ్ళ తరబడి తీసినవి మాత్రం లేవు. మామూలుగా డేటా పోతే మళ్ళీ ఎంట్రీ చేసుకుందాం అనుకుంటాం కదా, వీటిని మళ్ళీ ఎక్కడ తీస్తాం?

నేనక్కడ ఉండగానే ఒకావిడ వచ్చింది. వాళ్ళాయన ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాడు, ఈమధ్యే పోయాడు. రిటైర్మెంట్ రోజు టవర్ల ముందు తీసిన ఫోటో పెద్దది చేసివ్వమంది. ఇంట్లో ఉన్న కాపీ వానకి తడిసి అట్టకి అంటుకుపోయిందట. బాబాయ్ నా వంక చూడలేదు. "వెతుకుతానమ్మా" అన్నాడు. ఆయన నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. చివరికి ఆయనతో పనిచేసినవాళ్ళ ఆల్బమ్‌లో ఒక గ్రూప్ ఫోటో దొరికితే, మొహం వరకు కత్తిరించి ఇచ్చాం. వెనక టవర్లు రాలేదు.

ఇప్పటి పద్ధతి ఇదీ: నెలకోసారి ఫుల్, రోజూ డిఫరెన్షియల్. ఫుల్‌కి రెండు డిస్కులు, ఒకటి తప్పించి ఒకటి. మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి వేరే ఊళ్ళో అనే 3-2-1 సూత్రం వినే ఉంటారు. దాన్ని ప్రచారంలోకి తెచ్చింది పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫరే, సాఫ్ట్‌వేర్ వాళ్ళు కాదు! ఆ వేరే ఊరు కాపీ భద్రాచలంలో అత్తయ్య వాళ్ళింట్లో పెడదామన్నాడు బాబాయ్. 2022 జూలైలో అక్కడ గోదావరి 71.3 అడుగులకి వచ్చిన సంగతి గుర్తుచేశా. ఇప్పుడది హైదరాబాద్‌లో నా అలమారాలో ఉంది. మూడు నెలలకోసారి దాంట్లోంచి ఏదో ఒక పాత పెళ్ళి వెనక్కి తెచ్చి, తెరిచి చూస్తా.

మా కుర్రాడికి కూడా ఇదే చెప్పా. ఫుల్లా డిఫరెన్షియలా అన్నది రెండో ప్రశ్న బాబూ. ఆఖరిసారి రీస్టోర్ చేసి చూసింది ఎప్పుడన్నది మొదటిది. వాడు నోరెళ్ళబెట్టాడు.

మీరెప్పుడు చూశారు?