ఫుకెట్‌లో స్కూటీ ఎక్కేముందు

"థాయిలాండ్ వెళ్తున్నాం, జాగ్రత్తలు చెప్పండి" అని గ్రూపులో ఎవరైనా అడిగితే చాలు, జేబుదొంగలు, నకిలీ ఏజెంట్లు, టుక్‌టుక్ బేరాలు అంటూ సలహాలు కుప్పలుగా వచ్చిపడతాయి. అద్దె స్కూటీ మాట మాత్రం దాదాపు ఎవరూ ఎత్తరు. రోడ్డు మరణాల రేటు బాగా ఎక్కువున్న దేశాల్లో థాయిలాండ్ ఒకటి. పోయేవాళ్లలో ఎక్కువమంది టూవీలర్ల మీద వెళ్లేవాళ్లే.

అమీర్‌పేట ట్రాఫిక్‌లో నడిపినోడికి ఫుకెట్ ఓ లెక్కా అంటారు. అక్కడా ఎడమవైపే నడపాలి, నిజమే. కానీ గొడవ డ్రైవింగ్‌తో కాదు, కాగితంతో. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ లేకుండా, లేదా లైసెన్సులో కారు మాత్రమే ఉండి బండి నడిపి పడితే, చాలా ట్రావెల్ ఇన్సూరెన్సులు పైసా ఇవ్వవు. తాగి ఉన్నా అంతే. ఆసుపత్రి బిల్లు మొత్తం మన నెత్తినే. షాపువాడు లైసెన్సు అడగలేదుగా అంటారా? వాడికి కావాల్సింది అద్దె. పైగా పూచీ కింద పాస్‌పోర్టు పెట్టమంటాడు. బండి తిరిగిచ్చేటప్పుడు మడ్‌గార్డు మీద ఓ గీత చూపించి వేల బాత్‌లు అడిగితే, పాస్‌పోర్టు వాడి సొరుగులో పెట్టుకుని మనమేం వాదిస్తాం? నగదు డిపాజిట్‌కి ఒప్పుకునే షాపే చూసుకోండి, తీసుకునే ముందే బండిని నలువైపులా వీడియో తీయండి.

పర్మిట్ మన ఆర్టీఏలోనే ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. అది లేకపోతే హాయిగా గ్రాబ్ యాప్‌లో క్యాబ్ బుక్ చేసుకోండి. షాపువాడితో గొడవైతే, అక్కడి టూరిస్ట్ పోలీస్ నంబరు 1155.

అక్కడ బండి అద్దెకు తీసుకున్నవాళ్లు, డిపాజిట్ కింద ఏమిచ్చారో కామెంట్లలో చెప్పండి.