కాళ్లకింద చెరువు

పైకి చూస్తే కారు శుభ్రంగానే ఉంటుంది. బురద కడిగేశారు. సీట్లు తుడిచారు. నాలుగు తలుపులూ తీసి ఎండలో పెట్టారు. కార్పెట్‌ మీద చెయ్యి వేస్తే పొడిపొడిగా తగులుతుంది. ‘హమ్మయ్య’ అనుకుంటారు ఇంటిల్లిపాదీ. వారం తిరిగాక తలుపు తీస్తే... గుప్పున ముక్కవాసన! సెంటు సీసాలు, అగరుబత్తీలు, నిమ్మకాయలు- ఏం పెట్టినా పోదు. పోదు మరి! వాసన వస్తోంది పైన కనిపించే కార్పెట్‌లోంచి కాదు, దాని అడుగున దాక్కున్న చెరువులోంచి.

విజయవాడ జవహర్‌ ఆటోనగర్‌లో సీటుకవర్లు కుట్టేవాళ్లకీ టింకరింగ్‌ మేస్త్రీలకీ ఈ సంగతి కొట్టినపిండి. బందరు రోడ్డు మీద పటమట దాటగానే వచ్చే ఆటోనగర్‌ గేటులోంచి లోపలికి అడుగుపెడితే అదో వేరే ప్రపంచం. ఒకవైపు లారీలకు బాడీలు కడుతుంటారు. ఇంకోవైపు వెల్డింగ్‌ నిప్పురవ్వలు. ఆ పక్కన పెయింటు వాసన, సుత్తి దెబ్బల చప్పుడు. కారును ఊడదీసి బోల్టు బోల్టుగా నేలమీద పరిచి, మళ్లీ కారుగా నిలబెట్టగల చేతులు అక్కడ వీధివీధినా కనిపిస్తాయి.

బుడమేరు వచ్చిన రోజు
మైలవరం కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు బుడమేరు. మామూలు రోజుల్లో దాన్ని ఎవరూ పట్టించుకోరు. 2024 ఆగస్టు 31న కురిసిన కుండపోతకు అది ఉగ్రరూపం దాల్చింది. మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 1న తెల్లారేసరికి అజిత్‌సింగ్‌ నగర్‌, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట ప్రాంతాలు నీళ్లలో ఉన్నాయి. అటు కృష్ణమ్మా తగ్గలేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది.

మనుషులు మేడలెక్కారు. బండ్లు ఎక్కడికి ఎక్కుతాయి? ఇంటిముందు నిలిపిన కార్లు నిలిపినచోటే మునిగాయి. వరద తీశాక ఫైరింజన్లతో ఇళ్లలో బురద కడిగారు. మెకానిక్‌ షెడ్లు తడిసిన బండ్లతో నిండిపోయాయి.

కొత్త కార్లకు సమగ్ర బీమా ఉంటుంది కాబట్టి కొంత ధీమా. చిక్కంతా పాత బండ్లతోనే. పదిహేనేళ్లు దాటిన మారుతి 800కి చాలామంది థర్డ్‌ పార్టీ బీమా మాత్రమే కడతారు. అది ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికే తప్ప, సొంత బండి మునిగితే పైసా ఇవ్వదు. పైగా 1983లో మొదలైన మారుతి 800 తయారీ 2014లోనే ఆగిపోయింది. పిల్లల్ని బడికి, పెద్దవాళ్లని ఆస్పత్రికి తీసుకెళ్లే బండి అదొక్కటే అయిన ఇంట్లో- నిలబెట్టుకోవడమా, తుక్కుకింద అమ్ముకోవడమా అన్నదే ప్రశ్న. ఆ ప్రశ్నకు సగం జవాబు ఇంజన్లో ఉంటే, మిగతా సగం కాళ్లకింద ఉంటుంది!

అడుగున ఏముంటుంది?
కారు కార్పెట్‌ను ఇంట్లో పరుచుకునే తివాచీలా అనుకుంటే పొరపాటే. అది చాలా కార్లలో మూడు అంతస్తుల వ్యవహారం. పైన కనిపించేది నూలుబట్టలాంటి పలచటి పొర. దానికింద చప్పుడునూ వేడినీ ఆపడానికి దూదిపీచుతోనో గుడ్డపీలికలతోనో చేసిన మందపాటి ఫెల్ట్‌. దాని అడుగున ఇనుప రేకు. ఆ ఫెల్ట్‌ ఉందే... అది స్పాంజిలాంటిది. నీళ్లు పీల్చడం తెలుసుగానీ వదలడం తెలియదు. పైపొర ఎండి గలగలలాడుతున్నా కిందిపొరను పిండితే నీళ్లు కారతాయి. ఆ తడి రాత్రీపగలూ రేకును అంటిపెట్టుకునే ఉంటుంది. ముందు బూజు, తర్వాత తుప్పు. అందుకే పైనుంచి ఫ్యాను పెట్టి ఆరబెట్టడం ఆటోనగర్‌ లెక్కలో పనే కాదు. కార్పెట్‌ మొత్తం బయటికి రావాల్సిందే.

ముందు సీట్లు లేవాలి
మొట్టమొదట బ్యాటరీ నెగెటివ్‌ వైరు తీసేయాలి. తడిసిన కారులో తాళం తిప్పి చూద్దామన్న సరదా అస్సలు పనికిరాదు. కాస్త కొత్త మోడళ్లలో సీట్లకింద పసుపురంగు కనెక్టర్లు ఉంటాయి. అవి ఎయిర్‌బ్యాగుకు సంబంధించినవి. వాటి జోలికి తెలిసిన మెకానిక్కే వెళ్లాలి. పాత కార్లలో ఆ గొడవ లేదు.

తర్వాత ముందు సీట్ల బోల్టులు. నీళ్లలో నానిన బోల్టు మొండికేస్తుంది. బలంకొద్దీ తిప్పితే తల విరిగి చేతికొస్తుంది. తుప్పు వదిలించే ఆయిల్‌ కొట్టి, కాసేపు వదిలేసి, అప్పుడు పానా పట్టాలి. సీట్ల వెనకే బెల్టుల కింది బోల్టులు, గడపలమీది ప్లాస్టిక్‌ పట్టీలు, గేర్‌రాడ్‌ చుట్టూ ఉండే తొడుగు, హ్యాండ్‌బ్రేక్‌ కవరు ఒక్కొక్కటిగా వస్తాయి. ఏ బోల్టు ఎక్కడిదో చీటీ రాసి డబ్బాల్లో వేసుకుంటే తిరిగి బిగించేటప్పుడు వెతుకులాట ఉండదు. ఫోనులో నాలుగు ఫొటోలు తీసుకుంటే మరీ మంచిది.

ఇక కార్పెట్‌. నీళ్లు పీల్చిన కార్పెట్‌ ఒక్కడు లాగితే వచ్చేది కాదు. చెరోవైపు ఇద్దరు పట్టాలి. అచ్చుపోసిన రకమైతే మడత పెట్టకూడదు. మడతపడిన చోట విరుగుతుంది, మళ్లీ నేలకు అతుక్కుని కూర్చోదు. వరద నీళ్లంటే మురుగునీళ్లు కలిసినవే కాబట్టి చేతికి గ్లవుజులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి.

ఎండకన్నా గాలే మిన్న
బయటికి తీసిన కార్పెట్‌ను వాలుగా నిలబెట్టి, పైపుతో నీళ్లు కొట్టి, మురికి పోయేదాకా సబ్బునీళ్లతో బ్రష్‌ చేస్తారు. పైపొర బాగుపడుతుంది. మురుగు పట్టిన ఫెల్ట్‌ మాత్రం ఎంత కడిగినా వాసన వదలదు. దాన్ని కోసి పారేసి కొత్త ముక్క పరవడమే తెలివైన పని. వాననీళ్లతో తడిసిందైతే ఉంచుకోవచ్చు.

ఆరబెట్టడంలోనే ఉంది అసలు కిటుకు. మండుటెండలో రోజుల తరబడి పడేస్తే రంగు వెలుస్తుంది, అచ్చు వంకరపోతుంది. ఫెల్ట్‌ వైపు పైకి ఉండేలా కర్రలమీద పరిచి, నీడన గాలి ఆడేచోట పెట్టాలి. కోస్తా ఊళ్లలో సెప్టెంబరు గాలికే తడి ఎక్కువ. కాబట్టి టేబుల్‌ ఫ్యాను తోడు కావాలి. మందపాటి ఫెల్ట్‌ ఆరడానికి నాలుగైదు రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు. ఆరిందో లేదో తెలుసుకునేదెలా? నిన్నటి పేపరును ఫెల్ట్‌కి ఆనించి, పైన బరువుపెట్టి, రాత్రంతా ఉంచితే చాలు. పొద్దున పేపరు మెత్తబడిందా... ఇంకా ఆరలేదన్నమాటే!

రేకు చెప్పే తీర్పు
కార్పెట్‌ ఎండేలోపు టింకరింగ్‌ మేస్త్రీకి పని. నేలరేకులో ఉండే రబ్బరు బిరడాలు తీసి, మూలల్లోని ఒండ్రు కడిగేస్తాడు. గడప వెంబడి వెళ్లే వైర్ల జాయింట్లు తుడిచి ఆరబెట్టాలి. ఆపై స్క్రూడ్రైవర్‌ పిడితో రేకంతా తట్టి చూస్తాడు. ఖంగుమంటే రేకు గట్టిగా ఉన్నట్టే. బొదబొదలాడితే తుప్పు తినేసిందని అర్థం. పైపై తుప్పుకు వైరుబ్రష్‌, గరుకు కాగితం, ప్రైమర్‌, పెయింటు సరిపోతాయి. చిల్లు పడితే ఆ ముక్క కోసి కొత్త రేకు వెల్డింగ్‌ చేస్తారు. కానీ సీటు బోల్టులు, బెల్టు బోల్టులు పట్టుకునే చోట్లే పుచ్చిపోతే మాత్రం ఆలోచించాల్సిందే. బ్రేకు వేసినప్పుడు మనిషిని ఆపేది ఆ రేకే కదా! అక్కడ అతుకు గట్టిగా పడదని మేస్త్రీ తేల్చేస్తే బండిమీద మమకారం చంపుకోవడమే మేలు.

వరద రాకుండానే తడిస్తే
బుడమేరు పొంగకపోయినా కార్పెట్‌ తడవొచ్చు. ముందు అద్దం కింది జాలీలో ఆకులు పేరుకుని వాననీళ్లు పోయే దారి మూసుకుపోతే లోపలికి దిగుతాయి. తలుపుల అడుగున ఉండే చిన్న రంధ్రాలు పూడుకుపోయినా, రబ్బరు బీడింగులు చిరిగినా అంతే. వానే లేని వేసవిలో డ్రైవరు పక్కసీటు ముందు తడిగా ఉంటే ఏసీ నీళ్లు పోయే గొట్టాన్ని అనుమానించాలి. నీళ్లు తియ్యటి వాసనతో జిడ్డుగా తగిలితే హీటరులోంచి కూలెంట్‌ కారుతోందని గుర్తు. కారే దారి కనిపెట్టకుండా కార్పెట్‌ ఎన్నిసార్లు ఆరబెట్టినా చిల్లుకుండలో నీళ్లు పోసిన చందమే.

అంతా బిగించాక ఆఖరి పరీక్ష ఒకటుంది. మధ్యాహ్నం ఎండలో అద్దాలన్నీ మూసి గంటసేపు కారును వదిలేయాలి. అద్దాల లోపలివైపు ఆవిరి పట్టిందంటే తడి ఎక్కడో మిగిలే ఉంది. పట్టకపోతే పండగే!

వానలు ముదిరేలోగా మీ కారులోనూ ఓసారి మ్యాటు ఎత్తి, కార్పెట్‌ అంచు కిందికి చెయ్యి పోనిచ్చి చూడండి. చల్లగా తగిలిందా? అయితే ఈ ఆదివారం మీకు పని దొరికినట్టే!