చిన్న పిన్ను



మా చర్ల మండలములో మోటారు సైకిలు ఒక్క మనిషి ఎక్కి తిరిగే బండి కాదు. భద్రాచలము ఇక్కడికి సుమారు 60 కిలోమీటర్లు. తారురోడ్డు మీద బస్సులున్నాయి గాని, తాలిపేరు అవతల, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు వైపు అడవిలో ఉన్న గూడేలకు బండి బాటలే దిక్కు. ఎరువు బస్తా, రేషను బియ్యము, జ్వరముతో తల నిలుపలేని మనిషి, నెలలు నిండిన ఆడబిడ్డ, అందరూ ఆ బండి మీదనే. వాగు పొంగితే బండీ ఆగిపోతుంది. అప్పుడు మంచము మీద మోసుకొని రావడమే. కనుక బండి బాగోగులను గురించి కుటుంబ పత్రికలో వ్రాయడము మీకు వింతగా తోచదనుకుంటాను.

నాది పాత స్ప్లెండర్. వానలకు ముందు దానిని ఒక షెడ్డులో ఇచ్చాను. ఆ షెడ్డు ఏ ఊరిలోనిదో, ఎవరిదో ఇక్కడ వ్రాయను. వెనుక బ్రేకు షూలు, ఛైను సెట్టు, ఇంజను ఆయిలు మార్చాలి, అంతే పని. సాయంకాలానికి బండిని కడిగి, అద్దములాగా తుడిచి ఇచ్చారు. కడిగిన బండిని చూస్తే పని బాగా జరిగినట్టే ఉంటుంది. సబ్బుకూ పానాకూ సంబంధము లేదు గాని, మన కన్ను అలా నమ్ముతుంది.

మూడవ రోజు ఉదయము బండి నిలిపిన చోట నేల మీద రూపాయి బిళ్ళంత నల్లని మరక కనిపించింది. క్రింద కూర్చుని చూశాను. ఆయిలు తీసే బోల్టు తలకు ఉండవలసిన ఆరు మూలలూ అరిగి గుండ్రముగా అయిపోయాయి. మరల చుట్టూ కుళాయి గొట్టాలకు చుట్టే తెల్లని టేపు అంచు బయటకు వచ్చియున్నది. ఇంజను కేసు అల్యూమినియముది, మెత్తనిది. ఇనుప బోల్టును మొదట వేళ్ళతో నాలుగు చుట్లు త్రిప్పి, సాఫీగా దిగుతున్నదని తెలిసిన తరువాతనే పానా పట్టాలి. వంకరగా ఎక్కించి బలవంతాన బిగిస్తే ముందుగా పోయేది కేసులోని మరే. ఇక్కడ జరిగింది అదే. ఆ పోయిన మర మీద టేపు కప్పారు.

ఒకటి కనిపించిన తరువాత కన్ను ఊరుకోదు. టార్చిలైటు తెచ్చాను. ఛైను రెండు కొసలను కలిపే లింకు మీద చేప ఆకారములో ఒక చిన్న క్లిప్పు ఉంటుంది. దాని మూసిన కొస ఛైను పరుగెత్తే దిక్కుకు, చీలిక వెనుకకు ఉండాలి. నా బండికి తిరగబడియున్నది. చీలిక ముందుండగా ఏ పుల్లో రాయో తగిలితే క్లిప్పు ఊడిపోవచ్చును. వెనుక చక్రమునకు రెండు ప్రక్కలా ఉన్న గీతలు చూస్తే ఎడమకూ కుడికీ పొంతన లేదు. చక్రము కొంచెము వంకరగా కూర్చున్నది.

అన్నిటికంటె భయము పుట్టించినది వేరొకటి. చక్రముతో పాటు బ్రేకు ప్లేటు తిరుగకుండా దానిని పట్టియుంచే ఇనుప రాడ్డు ఒకటి ఉంటుంది. దాని నట్టు నా వేళ్ళకే తిరిగింది. నట్టు ఊడకుండా బోల్టు రంధ్రములో దూర్చవలసిన స్ప్లిట్ పిన్ను లేనేలేదు. ఆ రాడ్డు ఊడిన తరువాత బ్రేకు తొక్కితే ప్లేటు కూడా చక్రముతో తిరిగి, చక్రము ఒక్కసారిగా బిగుసుకొనిపోవచ్చును. మరునాడే మా అమ్మాయిని వెనుక కూర్చోబెట్టుకొని, లారీలు తిరిగే రోడ్డు మీద, భద్రాచలము కళాశాలకు తీసుకొని వెళ్ళవలసియున్నది. అమ్మాయి బస్సులో వెళ్ళింది.

మా ఊరిలో మెకానిక్కు పని మానుకున్న పెద్దాయన ఒకరున్నారు. కబురు పెడితే పానాల సంచితో వచ్చారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరకు, “అయ్యగారూ, ఇది చేతగానోడి పని కాదండీ. బ్రేకు షూలు చూడండి, ఎంత చక్కగా వేశాడో. మధ్యలో ఎవరో పిలిచుంటారు, లేచుంటాడు. తిరిగొచ్చి ఎక్కడ ఆపాడో మరిచిపోయాడు” అన్నారు.

“మరి టేపు?” అన్నాను.

“టేపు మరుపు కాదండీ” అన్నారాయన.

ఆ రెండు మాటలు నాకు చాలా రోజులు చెవిలో ఉండిపోయాయి. మరుపు ఎంత పెద్ద చోటనైనా జరుగుతుంది. 1990 జూన్ 10న ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నుండి స్పెయిను దేశపు మాలగాకు బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానము ఒకటి 87 మందితో బయలుదేరింది. సుమారు 17,300 అడుగుల ఎత్తున పైలటు ఎదుటి అద్దము ఊడి ఎగిరిపోయింది. ఆ గాలికి కెప్టెను నడుము వరకు బయటకు లాగబడ్డాడు. లోపలివారు ఆయన కాళ్ళు పట్టుకొని వదలలేదు. రెండవ పైలటు విమానమును సౌతాంప్టన్‌లో దించాడు. కెప్టెనుతో సహా అందరూ బ్రదికారు. విచారణలో తేలినది చూడండి: 27 గంటల ముందు ఆ అద్దము మార్చారు. దానికి పట్టే 90 బోల్టులలో 84 కావలసినదాని కన్న సన్నవి. మిగిలిన ఆరు పొట్టివి. సన్నదనములో తేడా మిల్లీమీటరు కూడా లేదు. పని చేసినవాడు అనుభవజ్ఞుడే. రాత్రి వేళ, పాత బోల్టును కొత్తదాని ప్రక్కన పెట్టి కంటితో పోల్చి తీసుకున్నాడు. పుస్తకములోని నెంబరుతో సరిచూడలేదు. అక్కడ మోసము లేదు, టేపు లేదు.

తరువాతి వారము నేను ఆ షెడ్డుకు వెళ్ళాను. బోల్టును రుమాలులో కట్టుకొని, పని చేసిన అబ్బాయిని ప్రక్కకు పిలిచి చూపించాను. ఇరవై యేండ్లుంటాయి. “పిన్ను మర్చిపోయానండీ” అని వెంటనే అన్నాడు. టేపు సంగతి అడిగితే తల వంచుకున్నాడు. కొంతసేపటికి, “మర పోయిందని చెబితే కేసు ఖరీదు నా జీతంలో కోస్తారండీ” అన్నాడు.

ఆ అబ్బాయి చేసినది తప్పే. దానిని చిన్నది చేయను. అయితే పాడైనదాని వెల పనివాని కూటిలో నుండి తీసే యజమాని, టేపు చుట్టడము తానే నేర్పుతున్నాడని నా అభిప్రాయము. యజమానితో కూడా ఆ మాట అన్నాను. ఆయనకు నచ్చలేదు. అయినా కేసుకు కొత్త మర తీయించి లావు బోల్టు వేయించడానికైన ఖర్చులో సగము ఇచ్చాడు; రెండుసార్లు అడుగగా ఇచ్చాడు.

బండి సర్వీసింగు నుండి వచ్చినప్పుడు మీరూ ఒక పావుగంట కూర్చుని చూడండి. మార్చిన పాత సామాను అడిగి తెచ్చుకోండి. బేరానికి కాదు, మారినదో లేదో తెలియడానికి. నట్టుల మూలలు అరిగినవా, వాటి చుట్టూ క్రొత్త గీతలు పడ్డవా చూడండి. బండిని న్యూట్రల్‌లో పెట్టి, ఇంజను నిదానముగా నడుస్తుండగా హ్యాండిలును ఈ చివర నుండి ఆ చివరకు త్రిప్పండి. శబ్దము దానంతట అదే పెరిగితే ఎక్సలేటరు వైరు ఎక్కడో లాగబడుతున్నదన్నమాట. పిన్నులు లెక్క చూడండి. ఒకసారి తీసిన స్ప్లిట్ పిన్నును మరల వాడకూడదు. క్రొత్తది కొద్ది రూపాయలే. అయినా దాని బదులు తీగ ముక్క చుట్టినవారిని చూశాను. మా యౌవనస్థులలో ఒకడి బండికైతే ఆ రంధ్రములో సైకిలు పుల్ల ముక్క ఉంది. ఆదివారము నాటికి మార్చుకొని వస్తానన్నాడు. ఆరాధన అయిన తరువాత చూడాలి.