పారిస్ కౌబాయ్

కౌబాయ్ సినిమా అనగానే మన ఇళ్లల్లో మొదట వినిపించే పేరు కృష్ణ గారిదే. 1971లో వచ్చిన 'మోసగాళ్లకు మోసగాడు' గురించి మా తాతయ్య ఇప్పటికీ చెప్తూనే ఉంటారు. సినిమా పిచ్చి ఇంకాస్త ఎక్కువున్న వాళ్లు క్లింట్ ఈస్ట్‌వుడ్‌ని, ఇటలీ వాళ్లు తీసిన వెస్టర్న్‌లని గుర్తుచేసుకుంటారు. అమెరికా బయట కౌబాయ్ సినిమాలు అక్కడే మొదలయ్యాయని నేనూ అనుకునేవాణ్ణి. కానీ వాటికి యాభై ఏళ్ల ముందే ఫ్రాన్స్‌లో ఒకతను ఆ పని చేసేశాడు. పేరు జో హామాన్.

హామాన్ 1883లో పారిస్‌లో పుట్టాడు. 1904లో, మన సీనియర్ల వయసులో, అమెరికా వెళ్లాడు. అక్కడ పశువుల కాపరులని, సూ తెగ మనుషులని దగ్గర్నుంచి చూశాడు. తిరిగొచ్చాక ఆ లోకాన్ని తెర మీద చూపించాలనుకున్నాడు. మరి పారిస్‌లో పచ్చికబయళ్లు ఎక్కడివి?

దక్షిణ ఫ్రాన్స్‌లో రోన్ నది సముద్రంలో కలిసే చోట కమార్గ్ అనే ప్రాంతం ఉంది. ఉప్పునేలలు, తెల్ల గుర్రాలు, నల్ల ఎడ్లు, గుర్రాల మీద వాటిని తోలే కాపరులు. అక్కడ ఫోల్కో ద బారోన్సెల్లి అనే పశువుల ఆసామి ఉండేవాడు. 1905లో బఫెలో బిల్ ప్రదర్శన ఫ్రాన్స్ వచ్చినప్పుడు అందులోని సూ మనుషులతో స్నేహం చేసి, తర్వాత కూడా వాళ్లతో ఉత్తరాలు నడిపాడు. ఇతని మందలు, మనుషులే హామాన్ సినిమాలకి అండ. డైరెక్టర్ జాన్ దురాన్‌తో గోమోఁ కంపెనీకి చాలా తీశారు. 1912 నాటి 'ల రైల్వే ద ల మోర్' వాటిలో ఒకటి. 'అరిజోనా బిల్' సిరీస్‌లో హామానే హీరో. సాహసాలన్నీ స్వయంగా చేసేవాడు, కొన్నిటికి డైరెక్షన్ కూడా తనదే.

నన్ను ఇబ్బంది పెట్టిన విషయం ఒకటుంది. అసలు మనుషుల్ని కళ్లారా చూసొచ్చినవాడు కూడా, తెర మీదకి వచ్చేసరికి తలకి ఈకలు కట్టిన ఫ్రెంచ్‌వాళ్లనే చూపించాడు. చూసినదంతా తెర మీదకి రాదేమో. అయినా సెట్లు వేసి సరిపెట్టుకోకుండా నిజమైన నేల, నిజమైన గుర్రాలు వెతుక్కుంటూ వెళ్లాడు చూడండి, అది నాకు నచ్చింది.

1914లో యుద్ధం రావడంతో ఫ్రెంచ్ సినిమా దెబ్బతింది. ఆ ఖాళీలోకి హాలీవుడ్ వచ్చేసింది. హామాన్ మాత్రం బొమ్మలు గీస్తూ, నటిస్తూ 1974 దాకా బతికాడు. అంటే మన కృష్ణ గారు గుర్రమెక్కిన నాటికి, అక్కడ ఆ పాత కౌబాయ్‌కి ఎనభై ఏడేళ్లు!