తుమ్మలపల్లె నీళ్ళకు రిజిస్టరు ఎవరు రాయాలి?

కడప నుంచి పులివెందుల రోడ్డు పట్టి పోతే మొదట యోగి వేమన విశ్వవిద్యాలయం వస్తుంది. అది దాటాక వేంపల్లె, పాపఘ్ని నది, ఆ చుట్టుపక్కలే ఇడుపులపాయ ట్రిపుల్‌ ఐటీ. ఇంకా ముందుకు పోతే వేముల మండలంలో తుమ్మలపల్లె. విశ్వవిద్యాలయం తానున్న జిల్లాకు ఏ పనికి వస్తుందో చూద్దామని ఈ దారిన వెళ్ళాను. పాఠం, పరిశోధన, పరీక్ష, ఫైలు, నాలుగూ ఒకే ఆవరణలో నడిచే పనులే. కానీ గౌరవం మొదటి రెండింటికే దక్కుతుంది. గుమాస్తా రాసే రిజిస్టరు, గ్రంథాలయంలో పుస్తకం మీద పడే నంబరు, ప్రయోగశాలలో సీసాకు అంటించే చీటీ, ఇవన్నీ చదువుకు అడ్డం వచ్చే చాకిరీ అనే మాట అధ్యాపకుల నోట తరచూ వినబడుతుంది. తుమ్మలపల్లె చూశాక నా అభిప్రాయం దీనికి పూర్తిగా ఎదురు నిలబడింది. ఈ సీమలో పాండిత్యానికి ఇప్పుడు కావలసిన బలం ఆ రిజిస్టరులోనే ఉంది.

ఊళ్ళో ఎవరిని కదిలించినా మాట యురేనియం ప్రాజెక్టు మీదికే పోతుంది. యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఇక్కడి భూగర్భ గనికి, శుద్ధి కర్మాగారానికి 2007 నవంబరులో శంకుస్థాపన చేసింది. 2012లో పని మొదలైంది. ఖనిజం ఉన్నది మెగ్నీషియం కలిసిన సున్నపురాయిలో. ఆమ్లం పోస్తే రాయే దాన్ని తాగేస్తుంది కాబట్టి ఇక్కడ సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు కలిపిన క్షారద్రావణంతో, వేడి, ఒత్తిడి పెట్టి యురేనియాన్ని కరిగిస్తారు. యురేనియం తీసేశాక మిగిలిన బురద కొట్టాల వైపు కొండల నడుమ కట్టిన వ్యర్థాల చెరువుకు చేరుతుంది. చుట్టూ ఉన్నవి అరటి తోటలు, చీనీ తోటలు; వాటికి ఆధారం బోర్లు. చెరువు వచ్చాక బోరు నీళ్ళ గుణం మారిందనీ, అరటి మాడిపోతోందనీ, ఒంటి మీద పుండ్లు లేస్తున్నాయనీ రైతులు ఏళ్ళుగా చెబుతున్నారు. తమ వల్ల కాదని సంస్థ అంటుంది. చెరువు అడుగున నీరు ఇంకకుండా వేయాల్సిన పొర విషయంలో షరతులు పాటించలేదని 2019లో కాలుష్య నియంత్రణ మండలి నోటీసు ఇచ్చింది. నిపుణులు వచ్చారు, నమూనాలు పట్టుకుపోయారు. వాదం మాత్రం తెగలేదు.

ఎందుకు తెగడం లేదన్నదే నన్ను పట్టుకున్న ప్రశ్న. యురేనియం ఉన్న రాతిలోంచి ఊరే నీటిలో గని తవ్వకముందు కూడా ఎంతో కొంత యురేనియం ఉంటుంది. ఈ రోజు ఒక బోరు నుంచి తెచ్చిన నీటిలో అది కనబడితే, రాయి ఇచ్చింది ఎంత, చెరువు ఇచ్చింది ఎంత అని ఆ ఒక్క సీసా చెప్పలేదు. చెప్పాలంటే అదే బోరు నీళ్ళు ముందటి ఏళ్ళలో ఎట్లా ఉన్నాయో కావాలి. హద్దుల సంగతి చూసినా ఇంతే. లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. మన అణుశక్తి నియంత్రణ మండలి పెట్టుకున్న హద్దు 60. నలభై ఐదు ఉన్న బోరు ఒక లెక్కన చెడ్డది, ఇంకో లెక్కన మంచిది. అందుకని "హద్దు లోపలే ఉంది" అనే తీర్మానం కన్నా తేదీ వేసి రాసిన అంకె రైతుకు ఎక్కువ అక్కరకు వస్తుంది. ఇక్కడి శుద్ధి పద్ధతి వల్ల చెరువు నీటిలో సోడియం, సల్ఫేటు ఎక్కువగా ఉంటాయి. చెరువుకు దిగువనున్న బోర్లలో ఈ రెండూ కలిసి ఏటేటా పెరుగుతూ పోతే అది చెరువు వైపు వేలు చూపే సాక్ష్యం. పెరగకపోతే గని సంస్థ మాటకు బలం వస్తుంది. ఏది తేలాలన్నా ఏళ్ళ వరస కావాలి. వ్యర్థంలో మిగిలిపోయే రేడియం సగానికి తగ్గడానికే దాదాపు 1600 ఏళ్ళు పడుతుంది. మూడేళ్ళ ప్రాజెక్టు, ఐదేళ్ళ పీహెచ్‌డీ దాని ముందు ఏపాటి?

ఇట్లా ఓపిగ్గా రాసి దాచడం కడప గడ్డకు కొత్త విద్య కాదు. విలియం కింగ్ 1872లో అచ్చయిన తన భూవిజ్ఞాన గ్రంథంలో ఈ కొండల పొరలకు పాపఘ్ని, వేంపల్లె పేర్లు వాడాడు. ఇప్పుడు యురేనియం తీస్తున్న రాయి పేరు నేటికీ వేంపల్లె రాయే. అంతకు ముందు 1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ తన జీతంలోంచి పండితులకూ లేఖకులకూ నెలనెలా డబ్బిచ్చి తాళపత్రాలు తెప్పించి, ప్రతులు రాయించి, ఒకదానితో ఒకటి పోల్చి పాఠాలు తేల్పించాడు. 1829లో అచ్చయిన వేమన పద్యాల వెనక ఉన్నది ఆ కొలువే. ఎవరు ఏ ప్రతి తెచ్చారు, ఎవరు నకలు రాశారు అన్న పద్ధతి లేకుంటే ఆయన పాండిత్యం ఒక్కటే ఆ పుస్తకాన్ని నిలబెట్టేది కాదు. ఎర్రముక్కపల్లెలో ఆయన బంగళా ఉన్నచోట లేచిన గ్రంథాలయం 2006 నుంచి యోగి వేమన విశ్వవిద్యాలయంలో భాగం. కంపెనీ సర్వే అధికారి మెకంజీ కాలంలో ఊరూరా సేకరించిన కడప జిల్లా కైఫియత్తులను, అంటే ఊళ్ళ వృత్తాంతాలను, అచ్చువేసిందీ ఆ గ్రంథాలయ కేంద్రమే. ఏ ఊరికి ఏ చెరువు, ఏ మాన్యం అన్నది మనకు ఈనాడు తెలుస్తున్నదంటే, ఆ రోజుల్లో వాటిని వ్రాతలో పెట్టినవాళ్ళు ఉన్నారు కనుక. వేమన పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయానికి ఇంతకన్నా దగ్గరి పూర్వీకులు ఎక్కడున్నారు?

దీనికి వచ్చే అభ్యంతరాలు బలమైనవే. ఇప్పటికే ఫారాలు నింపడంతో పరిశోధనకు పొద్దు చాలడం లేదని అధ్యాపకులు అంటారు. నిజమే. గ్రేడుల కోసం, తనిఖీ బృందాల కోసం పైకి పంపే కాగితం వేరు, జిల్లా కోసం దాచే దాఖలా వేరు. మొదటిది తగ్గితేనే రెండోదానికి చోటు దొరుకుతుంది. ఆ తగ్గింపు కోసం నేను కూడా వాళ్ళ పక్షమే. రెండో అభ్యంతరం, నీటిని కనిపెట్టి ఉండడం సంస్థ పని, కాలుష్య మండలి పని, విశ్వవిద్యాలయం పోలీసు కాదు అని. గని నడిపేది తాను కాదు, అనుమతి ఇచ్చేది తాను కాదు కాబట్టే విశ్వవిద్యాలయం అంకెను ఇరువైపులా నమ్మే వీలుంది. మండలి అధికారి బదిలీ అవుతాడు, సంస్థ ప్రతినిధి మారతాడు. 2006లో పుట్టిన విశ్వవిద్యాలయం, 2007లో పునాది పడ్డ గని దాదాపు ఒక ఈడువి. గని మూతపడిన తరువాత కూడా తలుపు తెరిచి ఉండేది విశ్వవిద్యాలయమే.

డబ్బు లేదు, పోస్టులు ఖాళీ అన్నది అన్నిటికన్నా గట్టి మాట. యురేనియం కొలిచే పరికరం ఖరీదైనదే, ఆ నమూనాలు పెద్ద ప్రయోగశాలకు పంపక తప్పదు. ఉప్పుదనం, సోడియం, సల్ఫేటు మాత్రం పీజీ విద్యార్థులు నేర్చుకుంటూనే కొలవగలిగినవి. తుమ్మలపల్లె, మబ్బుచింతలపల్లె, భూమయ్యగారిపల్లె, రాచకుంటపల్లె, కొట్టాల, ఈ ఊళ్ళలో ఎంచిన బోర్లకు నంబర్లు వేసి, వానలకు ముందొకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి నీళ్ళు పట్టాలి. బోరు లోతు, తేదీ, పట్టిన విద్యార్థి సంతకం, దగ్గరున్న రైతు సంతకం ఒకే వరసలో పడాలి. ఒక నకలు పంచాయతీ ఆఫీసులో ఉండాలి, అసలు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో నంబరు వేసి ఉండాలి. విద్యార్థులు రెండేళ్ళకు వెళ్ళిపోతారు, ప్రొఫెసర్లు రిటైరవుతారు. అందుకని ఆ పుస్తకం ఏ ఒక్కరి పరిశోధన కిందా ఉండకూడదు. రిజిస్ట్రారు పేరున, ఏటా తిరగరాసే ఆఫీసు ఉత్తర్వుతో నడవాలి. రేపు ఏ రైతైనా కోర్టుకు పోతే, తన బోరు నంబరు చెప్పి ధ్రువపత్రం తీసుకునే కిటికీ ఒకటి ఆ ఆఫీసులో ఉండాలి.