రెండు నల్లరాళ్ల నడుమ

రాజమహేంద్రవరంలో గోదావరి వంతెన దాటి, కొవ్వూరు మీదుగా దేవరపల్లి వైపు సాగితే గౌరీపట్నం, దుద్దుకూరు పరిసరాల్లో నల్లరాతి క్వారీలు కనిపిస్తాయి. మా ఇంటి శ్లాబుకు కంకర వచ్చింది ఇక్కడి నుంచే. గత నెల ఒక ఆదివారం, పేలుళ్లూ లారీల రాకపోకలూ లేని వేళ చూసి, అనుమతి తీసుకొని పిల్లలతో ఒక క్వారీలోకి దిగాము.

నిలువుగా కోసిన గోడలో కింద నల్లరాయి, పైన నల్లరాయి. మధ్యలో కొద్ది మీటర్ల మందాన లేతరంగు సున్నపురాయి. ఆ నల్లరాయి ఒకనాటి లావా. పశ్చిమ భారతంలో నేల బీటలు వారి వెలువడిన లావా దాదాపు 1000 కిలోమీటర్లు ప్రవహించి ఈ తీరానికి చేరిందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. అది సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల నాటి మాట. డైనోసార్లతో పాటు భూమిపైనున్న జీవజాతుల్లో నాలుగింట మూడు వంతులు అంతరించింది ఆ కాలంలోనే. మెక్సికో తీరాన పడిన మహా ఉల్క అందుకు ప్రధాన కారణమని అత్యధికుల అభిప్రాయం. అందులో ఈ లావా పాత్ర ఎంత అన్నది నేటికీ చర్చనీయాంశమే.

ఆ చర్చకు ఒక సాక్ష్యం ఈ సున్నపురాయిలోనే దొరికింది. గెర్టా కెల్లర్, సునీల్ బాజ్‌పాయ్ తదితరులు 2008లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, కింది లావాపై పేరుకున్న ఈ పొరలో సూక్ష్మమైన సముద్రజీవుల గుల్లలున్నాయి. అవి మహావినాశనం తరువాత తొలిగా పుట్టిన జాతులవి. అంటే ఆ లావా పారింది వినాశనానికి అతి సమీప కాలంలో అన్నమాట.

మా అబ్బాయి గోడలో మరమేకులా మెలితిరిగిన ఒక నత్తగుల్లను గుర్తించాడు. నేడు సముద్రం ఇక్కడికి పదుల కిలోమీటర్ల దూరం. "అబ్బా, పెకిలించి తీసుకెళ్దామా?" అన్నాడు. వద్దన్నాము. ఏ పొరలో, ఎంత ఎత్తున ఉన్నదో తెలిసినప్పుడే గుల్ల తన కాలాన్ని చెప్పగలదు. చోటు తప్పితే అది అలంకార వస్తువు మాత్రమే.

అంతలో అమ్మాయి అడిగింది: "గుల్లను కదపవద్దంటున్నారు. మరి మన శ్లాబు కోసం గోడనే పగలగొట్టారు కదా?"

మా వద్ద జవాబు లేకపోయింది. వెంటవచ్చిన మేస్త్రీని అడిగితే, తెల్లరాయి కంకరకు పనికిరాదనీ, నల్లరాయి కోసం దాన్ని తవ్వి పక్కకు నెట్టేస్తామనీ చెప్పాడు.

ఇళ్లకు రాయి కావలసిందే. ఆ క్వారీలపై ఎన్నో కుటుంబాలు బ్రతుకుతున్నాయి. అయితే తిరుమల శిలాతోరణాన్ని భూగర్భ స్మారకంగా కాపాడుకున్నట్లే, ఇక్కడ కూడా ఒక్క గోడను, మూడు పొరలతో సహా, తవ్వకుండా వదలవచ్చు. ఈ కోరికను జిల్లా అధికారులకు తెలుపుతూ అమ్మాయి ఆ రాత్రే ఒక అర్జీ రాసింది. కింద మేమందరం సంతకాలు చేశాము.