నాలుగు రోజుల సైకిల్ ప్రయాణం గురించి సంఘానికి కొన్ని మాటలు



సంక్రాంతి వెళ్లాక మన యవ్వనస్థులు, నేను కలిసి 11 మందిమి సైకిళ్ల మీద బయలుదేరుతున్నామని మీకు తెలుసు. గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం, పొదిలి, కనిగిరి మీదుగా ఒంగోలు వరకు. 4 రోజులు, రోజుకు దాదాపు 80 కిలోమీటర్లు. డయాలసిస్ చేయించుకుంటున్న 7 మందికి ఏడాది దారిఖర్చులు కూడబెట్టాలని ఉద్దేశం. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర మీరు అడిగే ప్రశ్నలకు అక్కడే నిలబడి జవాబు చెప్పడం కుదరడం లేదు. అందుకే రాస్తున్నాను.

మొదటి ప్రశ్న: డయాలసిస్ ప్రభుత్వ పథకంలో ఉచితమే కదా, ఇంకా డబ్బెందుకు? మిషన్ ఉచితమే. మిషన్ దాకా వెళ్లడానికే డబ్బు కావాలి. మన ఊరి నుంచి ఆటో, బస్సు కలిపి రానుపోను మనిషికి 120 రూపాయలు. తోడు ఒకరు తప్పదు, ఎందుకంటే 4 గంటలు మిషన్ మీద ఉన్న మనిషి ఒంటరిగా బస్సెక్కే స్థితిలో ఉండడు. ఇద్దరికి 240. వారానికి 2 సార్లు అంటే ఏడాదికి 104 సార్లు. సుమారు 25,000 రూపాయలు. తోడు వెళ్లినవాళ్లకు పోయిన కూలి ఇందులో కలపలేదు.

మిరప కోతలప్పుడు ఏం జరుగుతుందో చూడండి. ఇంటామె కోతకు వెళ్తే ఆయనకు తోడు ఉండదు. తోడు వెళ్తే ఇంట్లోకి కూలి రాదు. పోయిన ఫిబ్రవరిలో మన సహోదరుడొకరు వారానికి రెండుసార్లు వెళ్లాల్సింది ఒక్కసారే వెళ్లాడు. ఎవరికీ చెప్పలేదు. మూడో వారానికి కాళ్లు, ముఖం వాచి, పడుకుంటే ఊపిరి అందక, అర్ధరాత్రి 108 పిలిపించాం. ఆయన బతికాడు, దేవునికి స్తోత్రం. కానీ ఆ రాత్రికి కారణం 240 రూపాయలు.

రెండో ప్రశ్న సంఘ పెద్ద ఒకాయన అడిగారు. "అయ్యగారూ, టైర్లకూ ట్యూబులకూ పెట్టేది నేరుగా వాళ్లకే ఇస్తే పోలా?" న్యాయమైన ప్రశ్న. సైకిళ్ల ఖర్చు, తిండి ఖర్చు వెళ్లేవాళ్లవే, చందాలోంచి పైసా తీయం. ఇక వెళ్లడం ఎందుకంటే, యెరూషలేములోని పేద పరిశుద్ధుల కోసం పౌలు చందా పోగుచేసిన సంగతి 1 కొరింథీ 16లో, 2 కొరింథీ 8, 9 అధ్యాయాల్లో చదువుతాం. ఆ డబ్బు చేరవేయడానికి ఎవరో ఒకరు చాలు. కానీ అపొస్తలుల కార్యములు 20:4 చూస్తే బెరయ నుంచి సోపత్రు, థెస్సలొనీక నుంచి అరిస్తర్కు, సెకుందు, దెర్బే నుంచి గాయియు, ఇంకా తిమోతి, తుకికు, త్రోఫిము ఆయన వెంట ఉన్నారు. ఇచ్చిన సంఘాల మనుషులు తామే వెళ్లారు. పుచ్చుకునేవాళ్ల ముఖాలు వాళ్లు చూడాలి, వీళ్ల ముఖాలు వాళ్లు చూడాలి. ఆ ప్రయాణంలోనే ఒకచోట, త్రోయ నుంచి అస్సు దాకా అందరూ ఓడలో వెళ్తే పౌలు మాత్రం కాలినడకన వెళ్లాడు. ఎందుకో వాక్యం చెప్పదు. నాకైతే ఆ వచనం చాలా ఇష్టం.

ఇంకో కారణం పెద్దగా ఆత్మీయమైనది కాదు. కిలోమీటరుకు ఇంత అని అడిగితే జనం ఇస్తారు. అంతే. కోతలకు వెళ్లే మన సహోదరి ఒకామె అర్ధరూపాయి చొప్పున రాయించుకుంది. 300 కిలోమీటర్లకు 150 రూపాయలు. "మధ్యలో ఆటో ఎక్కితే పట్టుకుంటా అయ్యగారూ" అని కూడా చెప్పింది.

ఇప్పుడు వెళ్లేవాళ్లకు. 300 కిలోమీటర్లు తొక్కడం గొప్ప కాదు, రెండో రోజు తెల్లవారుజామున మళ్లీ సీటు మీద కూర్చోవడమే కష్టం. అందుకే శనివారం 40, సోమవారం 40 కాకుండా వరుసగా రెండు రోజులు తొక్కమంటున్నాను. ఆదివారం ఆరాధన మానకండి, శుక్ర శనివారాలు చాలు. వారానికి ఐదో పదో కిలోమీటర్లు పెంచండి, ఒక్కసారిగా కాదు. సీటు ఎత్తు చూసుకోండి: పెడల్ కిందికి వచ్చినప్పుడు మడమ పెడితే కాలు నిటారుగా రావాలి. మనలో సగంమంది సీటు కిందికి పెట్టి తొక్కుతారు, సాయంత్రానికి మోకాళ్లు పట్టేస్తాయి.

పత్తి పండించే ఊళ్లో చెప్పడానికి ఇబ్బందిగానే ఉంది గానీ, నూలు చెడ్డీలు వద్దు. చెమట పీల్చుకుని తడిగా ఉండి, కుట్టు దగ్గర ఒరిసి పుండు పడుతుంది. మెత్త ఉన్న సైకిల్ నిక్కరు కొనుక్కోండి. కొబ్బరినూనెగానీ వాజిలైన్‌గానీ రాసుకోండి. నవ్వకండి, మూడో రోజు గుర్తొస్తుంది.

పంచర్లు తప్పవు. మన డొంకల్లో పల్లేరు కాయలు, చేల గట్ల మీద సర్కారు తుమ్మ ముళ్లు. మనిషికి 2 ట్యూబులు, ఇద్దరికి ఒక పంపు, ప్యాచీలు, సొల్యూషన్. టైరు విప్పి ట్యూబు మార్చడం ప్రతివాడికీ రావాలి. "అన్న చేస్తాడులే" అనేవాడు నాతో రావద్దు. నల్లరేగడిలోకి చక్రం దింపకండి, మంచు పడిన పొద్దున బ్రేకుల దాకా మట్టి పట్టుకుంటుంది. కళ్లాల పక్కన, ముఖ్యంగా ఆరిన తేజ కాయ ఎత్తేటప్పుడు, గొంతు పట్టి దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. తడిగుడ్డ దగ్గర ఉంచుకోండి. పత్తి బోరేల ట్రాక్టర్లు రోడ్డు సగం ఆక్రమిస్తాయి, వాటిని దాటబోకండి. ఒకరి వెనక ఒకరుగా ఎడమపక్కనే వెళ్లాలి. చీకటి పడితే ఆగిపోవాలి.

దాహం వేయకముందే తాగాలి, ఆకలి వేయకముందే తినాలి. లీటరు నీళ్లలో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, గరిటె కాదు. పొద్దున రాగిజావ, మధ్యాహ్నం మజ్జిగ. కనిగిరి వైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు తెలుసు, శుద్ధి చేసిన నీళ్లే నింపుకుందాం. అక్కడివాళ్లు ఆ నీళ్లతో తరాలుగా ఎలా బతుకుతున్నారో మాత్రం ఆగి వినాలి. ఉపవాసముండి తొక్కుతానని ఒక తమ్ముడు అడిగాడు. వద్దన్నాను. 1 రాజులు 19లో ఏలీయాను హోరేబుకు పంపేముందు దేవదూత ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చి, రొట్టె పెట్టి, మళ్లీ నిద్రపోనిచ్చి, మళ్లీ పెట్టాడు.

అసలు మాట ఇది, దీని మీద మనలో మనకు కొంచెం మనస్పర్థ కూడా ఉంది. ఆ 7 మందిలో 3 మంది ఏ చర్చికీ రారు. "మన సంఘం డబ్బు మనవాళ్లకే" అని కొందరు, "పోనీ, ఇచ్చేటప్పుడు సువార్త పత్రికలైనా ఇవ్వాలి" అని కొందరు అంటున్నారు.

మన ప్రాంతంలోనే జరిగిన సంగతి చెప్తాను. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఆయనకు సర్వే పని వచ్చు. ఆకలితో వచ్చిన వేలమందికి పనిచ్చి కూలి ఇచ్చారు. బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు, సాయంత్రాలు వాక్యం చెప్పారు. కానీ బాప్తిస్మం అడిగినవాళ్లకు కరువు సాయం నడిచినన్నాళ్లూ ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆపారు. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన తాతముత్తాతల్లో కొందరి కథ అక్కడే మొదలైంది.

అందుచేత బస్సు చార్జీతోపాటు పత్రిక చేతిలో పెట్టడం నాకు సమ్మతం కాదు. ఆ చేయి తీసుకోక తప్పని చేయి. మనం ఎవరమని అడిగితే దాచం, ప్రార్థన చేయమంటే చేస్తాం. జాబితా మారదు. ఒప్పుకోలేనివాళ్లు చందా వెనక్కి తీసుకోవచ్చు, నేనేమీ అనుకోను. ఇంటికి రండి, మాట్లాడుకుందాం. ఇంకో మాట: బ్యానర్ మీద రోగుల ఫోటోలు ఉండవు. ఫిబ్రవరిలో 108 ఎక్కిన సహోదరుడు నన్ను అడిగింది ఇదొక్కటే.

డబ్బు నా చేతిలోకి రాదు. పౌలు కూడా ఆ చందా విషయంలో ఎవరూ వేలెత్తి చూపకుండా తీతుతోపాటు మరి ఇద్దరిని పెట్టాడు (2 కొరింథీ 8:16-22). మన కోశాధికారి, స్త్రీల సమాజం నుంచి ఒకరు, సంఘంలో లేని రిటైర్డ్ మాస్టారు ఒకాయన, ముగ్గురి సంతకాలతోనే తీయాలి. 7 మందికి కలిపి 1,75,000 కావాలి. నిన్నటికి 61,400 వచ్చింది. ప్రతి నెలా మొదటి ఆదివారం లెక్క చర్చి గోడకు అంటిస్తాం.

బుధవారం ప్రార్థన కూడిక తర్వాత సైకిళ్లన్నీ చర్చి ఆవరణలోకి తీసుకురండి. చైన్లు కిరోసిన్‌తో కడిగి నూనె వేద్దాం. పాత ట్యూబులుంటే పారేయకండి, ప్యాచీలకు పనికొస్తాయి. అమ్మగారు అందరికీ ఉప్మా చేస్తానన్నారు, ఎవరి ప్లేటు వాళ్లు తెచ్చుకోండి.